అనిమోన్ వేసే ముందు వేవ్‌మేకర్‌కు గార్డు వేశారా?

పోయిన ఆదివారం తెల్లారకముందే కూకట్‌పల్లిలో ఉండే ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, ట్యాంకులో నీళ్లు కుడితిలా అయిపోయాయి. చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి" అన్నాడు. అనిమోన్, అంటే రాతికి అతుక్కుని బతికే ఆ సముద్రజీవి, ఎక్కడుందని అడిగాను. కనిపించడం లేదన్నాడు. రెక్కతో నీళ్లను తోసి అలలు పుట్టించే మోటారు, అదే వేవ్‌మేకర్, దాని దగ్గర చూడమన్నాను. కాసేపు ఫోన్లో ఏ చప్పుడూ లేదు.

నాలుగడుగుల మెరైన్ (ఉప్పునీళ్ల) ట్యాంకు, రెండేళ్ల కష్టం. జరిగింది ఇది: కొత్త ఎల్ఈడీ లైటు బిగించిన మర్నాటి నుంచి అనిమోన్ తన రాయి వదిలేసి అద్దం మీద పాకుతోంది. "తిరుగుతోందిలే, అదే కుదురుకుంటుంది" అనుకున్నాడు. రెండో రోజు రాత్రి కరెంటు పోయే సమయానికి అది వేవ్‌మేకర్ పక్కనే ఉంది. రెక్క ఆగింది, నీటి తోపు ఆగింది. ఆగిన మోటారు దానికి మంచి రాతి పగులులా కనిపించి ఉంటుంది, మెల్లగా లోపలికి ఒదిగింది. గంటన్నర తర్వాత కరెంటు వచ్చింది. ఇక చెప్పేదేముంది, మిక్సీలో వేసినట్టే. ఆ ముక్కలతో నీళ్లన్నీ పాడై, సాయంత్రానికి ట్యాంకులో బతికి ఉన్నవి రెండు సన్యాసి పీతలు, కొన్ని నత్తలు.

మార్చి దాటితే కరెంటు కోతలూ పెరుగుతాయి, నీళ్లూ వేడెక్కుతాయి. అందుకే ఇప్పుడే రాస్తున్నాను. ఉప్పు 35 పీపీటీ (వెయ్యి పాళ్లకు 35) ఉండాలి, అమ్మోనియా సున్నా ఉండాలి, ఆరు నెలలు కూడా నిండని ట్యాంకులో అనిమోన్ వేయకూడదు. ఇవి మీకు తెలిసినవే, వాటి జోలికి పోను. నేను చూసిన ట్యాంకుల్లో ఎక్కువ మందిని ముంచింది ఒకటే తప్పు: తిరిగే రెక్కకు గార్డు లేకుండా అనిమోన్‌ను నీళ్లలో దించడం.

అనిమోన్ పువ్వులా కనిపిస్తుంది గానీ జంతువు. దానికి పాదం ఉంది, నడుస్తుంది. పెట్టినచోట నచ్చితే నెలల తరబడి కదలదు. నచ్చకపోతే రాత్రికి రాత్రే బయల్దేరుతుంది. ఎక్కువసార్లు దాన్ని నడిపించేది లైటే. వెలుగు చాలకపోతే పైకి పాకుతుంది, మరీ ఎక్కువైతే నీడ వెతుక్కుంటుంది. పైన అద్దానికి ఉండేవి వేవ్‌మేకర్లు, నీడలో ఉండేవి హీటరు, నీళ్లు బయటికి దిగే ఓవర్‌ఫ్లో. ఎటు వెళ్లినా గండమే.

లైటు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మనలో చాలామంది పెంచేది బబుల్ టిప్ అనే రకం అనిమోన్. దాని కండలో కంటికి కనిపించనంత చిన్న నాచు కాపురం ఉంటుంది. ఆ నాచు వెలుతురుతో ఆహారం తయారుచేసి అనిమోన్‌కు పెడుతుంది. మనం వారానికోసారి వేసే రొయ్య ముక్క పచ్చడి లాంటిది, అన్నం వండేది మాత్రం ఆ నాచే. అందుకే మొక్కల ట్యాంకుకు వాడే చవక లైటు కింద అనిమోన్ నెల, రెండు నెలలు బాగానే కనిపించి తర్వాత కుంచించుకుపోతుంది. అలాగని షాపులో రెండు ట్యూబులైట్ల కింద ఉన్నదాన్ని తెచ్చి మొదటి రోజే 100 శాతం లైటు కొడితే ఆ నాచునే బయటికి కక్కేస్తుంది, తెల్లబడుతుంది, లేదా నడక మొదలుపెడుతుంది. మా తమ్ముడు చేసింది ఇదే. అనిమోన్ పాతదే, లైటు కొత్తది. అయినా నియమం ఒకటే. లైటు మారితే అనిమోన్ కొత్తగా వచ్చినట్టే లెక్క.

25, 30 శాతంతో మొదలుపెట్టండి. నాలుగైదు రోజులకోసారి 5 శాతం చొప్పున పెంచండి. నాలుగు వారాలైనా పట్టనివ్వండి. డిమ్మర్ లేని లైటైతే అడుగు పైకి వేలాడదీయండి, లేదా కిటికీలకు కొట్టే దోమల జాలీ మూడు పొరలు ట్యాంకు మీద పరిచి వారానికో పొర తీసేయండి. బబుల్ టిప్‌కు అది కూర్చునే చోట పార్ (నాచు వాడుకోగల వెలుగు కొలత) 150 నుంచి 250 మధ్య ఉంటే హాయిగా ఉంటుంది. పార్ మీటరు కొనాలంటే జేబుకు చిల్లే, తెలిసినవాళ్ల దగ్గర ఒక్కరోజు అడిగి తెచ్చుకోండి. రోజుకు 8, 9 గంటలు చాలు. పగలు కరెంటు పోయిందని రాత్రంతా లైటు వేసి లెక్క సరిచేయకండి.

ఇక చోటు. బబుల్ టిప్‌కు కావాల్సింది పాదం లోపలికి దాచుకోవడానికి ఒక లోతైన పగులు, చేతులు చాపడానికి పైన వెలుగు. పాదం నీడలో, తల వెలుగులో. అలాంటి రాయిని మిగతా రాళ్లకు దూరంగా, చుట్టూ ఇసుక ఉండేలా ఒక దీవిలా పెట్టండి. ఇసుక దాటి పోవడానికి అది అంత ఇష్టపడదు. ఇది తప్పకుండా నిలిచే నియమం కాదు, నా దగ్గర ఒకటి ఇసుక దాటి పోయింది కూడా. అందుకే దీవి ఉన్నా గార్డు తప్పదు. అనిమోన్లలోనే కార్పెట్ జాతుల్లోని హడోనీ, ఇంకా లాంగ్ టెంటకిల్ అనేది, ఈ రెండూ ఇసుకలో పాదం పాతుకునే రకాలు. వాటిని రాతి మీద కూర్చోబెట్టాలని కుస్తీ పట్టకండి.

కొత్తదాన్ని దించేటప్పుడు వేవ్‌మేకర్ అరగంట, గంట ఆపి పాదం పట్టు దొరకనివ్వాలి. మళ్లీ ఆన్ చేసే ముందు ఆ మోటారుకు గార్డు ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ఆన్ చేయకండి. అసలు గార్డు లేకుండా అనిమోన్ కొనకండి.

గార్డు అంటే పెద్ద ఖర్చేమీ కాదు. ముతక రంధ్రాల ఫిల్టర్ స్పాంజిని వేవ్‌మేకర్ చుట్టూ తొడిగి జిప్ టైతో బిగించడమే. సన్న కన్నుల ప్లాస్టిక్ జాలీ అయినా సరే. స్పాంజి వారానికి రెండుసార్లు పిండి కడగాలి. మురికి పడితే నీటి తోపు తగ్గిపోతుంది, మోటారుకూ బరువే. చాలామంది మొదటి నెల కడుగుతారు, రెండో నెల విసుగొచ్చి తీసి పక్కన పడేస్తారు. ప్రమాదాలు జరిగేది ఆ రెండో నెలలోనే.

"మాకు ఇన్వర్టర్ ఉందిగా" అంటారు. బ్యాటరీ అయిపోయాక? కరెంటు ఉన్నప్పుడు వేవ్‌మేకర్ విసురుకు అనిమోన్ కాస్త వెనక్కి తగ్గుతుంది. ఆగినప్పుడే దగ్గరికి చేరుతుంది, తిరిగి మొదలైనప్పుడే తెగిపోతుంది. కోతల కాలంలో రెక్క రోజుకు ఎన్నిసార్లు ఆగుతుందో, అన్నిసార్లూ ఈ ప్రమాదం ఉన్నట్టే.

వేడి గురించి రెండు ముక్కలు. నీళ్లు 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. మే నెలలో చిల్లర్ (నీళ్లు చల్లబరిచే యంత్రం) లేకపోతే నీటి ఉపరితలం మీదికి ఫ్యాను పెట్టండి. మా ఇంట్లో ఫ్యాను పెట్టిన రోజుల్లో నాలుగైదు లీటర్లు ఆవిరవుతాయి. ఆ లోటు ఉప్పు కలపని ఆర్వో నీళ్లతోనే పూడ్చాలి, ఎందుకంటే ఆవిరయ్యేది నీరే, ఉప్పు ట్యాంకులోనే ఉండిపోతుంది. లైటు సమయాన్ని సాయంత్రం నాలుగు నుంచి అర్ధరాత్రికి జరపండి, మధ్యాహ్నపు ఎండకు లైటు వేడి తోడవకుండా ఉంటుంది.

మిగతావి వరసగా రాసేస్తున్నాను.

హీటరుకూ గార్డు వేయండి. వేడి గాజుకు చుట్టుకుంటే కాలిపోతుంది.

ఓవర్‌ఫ్లో దువ్వెన పళ్ల మధ్య నుంచి కూడా జారిపోగలదు. అక్కడా జాలీ.

పాలలా తెల్లగా ఉన్న అనిమోన్ అందంగా ఉందని కొనకండి. అది నాచు పోగొట్టుకుని ఆకలితో ఉన్న ప్రాణి. కళ్లు చెదిరే పసుపు, గులాబీ రంగుల్లో ఉంటే రంగు వేసి అమ్ముతున్నారేమో అనుమానించండి.

నోరు తెరుచుకుని వేలాడుతున్నదాన్ని సగం ధరకిచ్చినా వద్దు.

పాదం పట్టి పీకకండి. చిరిగితే కుళ్లుతుంది. రాయితో సహా తీయండి.

గమ్ పెట్టి అతికించకండి. చేసినవాళ్లను చూశాను కాబట్టే చెబుతున్నాను.

చోటు నచ్చలేదని రోజూ చేత్తో జరపకండి.

ముడుచుకుపోయిందని కంగారుపడి లైటు పెంచకండి. మురికి వదిలేటప్పుడు, రాత్రిపూట ముడుచుకోవడం మామూలే. రెండు మూడు రోజులు విప్పుకోకపోతే, వాసన వస్తే, అప్పుడు కంగారుపడండి.

రాగి ఉన్న మందులు ఆ ట్యాంకులో చుక్క కూడా పడకూడదు.

నిమో చేప కోసమే అనిమోన్ తెస్తున్నారా? దానికి అనిమోన్ అక్కర్లేదు, లేకుండానే ఏళ్ల తరబడి బతుకుతుంది. పైగా మనం పెంచే నిమో రకం, ఒసెల్లారిస్, సముద్రంలో బబుల్ టిప్‌లో ఉండే చేప కాదు. మన ట్యాంకులో ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు.

విశాఖ బీచ్ రాళ్ల గుంటల్లో కనిపించేవాటిని పీకి తేకండి.

చేయి పెట్టే ముందు మెయిన్ ఆఫ్. చేతికి గ్లవ్స్.

ఊరెళ్లే వారంలో కొత్త లైటు బిగించకండి. కొత్త అనిమోన్ వేయకండి. వేవ్‌మేకర్ చోటు మార్చకండి.

కరెంటు పోతే టార్చి వేసి అనిమోన్ ఎక్కడుందో చూడండి. వేవ్‌మేకర్ దగ్గరుంటే ప్లగ్ పీకేయండి. కరెంటు వచ్చినా అది దూరం జరిగేదాకా పెట్టకండి.

గార్డు మురికి పట్టిందా? కడగండి. తీసి కడిగేటప్పుడు మోటారు ఆపండి. తిరిగి తొడిగాకే ఆన్ చేయండి.

ఇంత చెప్పినా తెగిపోతే: మోటారు ఆపండి. ముక్కలన్నీ వలతో ఏరేయండి, రాళ్ల వెనక ఉన్నవి కూడా. చేపలను వేరే ఉప్పునీళ్ల బకెట్లోకి మార్చి గాలి బుడగలు వదిలే రాయి పెట్టండి. సగం నీళ్లు మార్చండి, ఫిల్టర్లో కొత్త కార్బన్ వేయండి. సాయంత్రం అమ్మోనియా టెస్టు చేసి, ఉంటే మళ్లీ మార్చండి. అందుకే కలిపి ఉంచిన ఉప్పునీళ్లు వేసవిలో ఎప్పుడూ ఒక డ్రమ్ము సిద్ధంగా ఉండాలి. అర్ధరాత్రి ఉప్పు కలుపుతూ కూర్చుంటే చేపలు ఆగవు.

ట్యాంకు కుదుటపడి మళ్లీ అనిమోన్ తెచ్చుకోవాలనిపిస్తే షాపుకు వెళ్లే రోజున ముందు స్పాంజి కొనండి.