బటన్ మంచిగనే ఉంది తమ్మీ: కష్టమైన యాక్షన్ గేములకు సమస్య - పరిష్కారం

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అదే మన సీటీసీలో, ఒక చిన్న షాపులో గేమ్ రిమోట్లు బాగు చేస్తుంటాను. కంట్రోలర్ అనాలని తెలుసు. కౌంటర్ దగ్గరికి వచ్చేవాళ్ళు రిమోట్ అనే అంటారు, నేనూ అదే అంటాను.

మొన్న ఒక ఇంటర్ కుర్రాడు వచ్చాడు. "అన్నా, సర్కిల్ బటన్ పనిచేస్తలేదు. రోల్ చెయ్యాల్నంటే అయితలేదు." రోల్ అంటే దెబ్బ తప్పించుకోవడానికి గేములో మన మనిషి దొర్లడం. విప్పి చూశాను. రబ్బరు బాగుంది, కాంటాక్టు బాగుంది. కంప్యూటర్‌కి తగిలించి పరీక్షిస్తే నొక్కిన ప్రతిసారీ పలికింది.

"బటన్ మంచిగనే ఉంది తమ్మీ. ఎట్ల సచ్చినవ్, అది చెప్పు."

వాడు నన్ను ఎగాదిగా చూశాడు. రిమోట్ బాగు చేసేవాడికి ఇదంతా ఎందుకని కాబోలు.

ఎందుకంటే, గేమ్ కష్టంగా ఉందని అందరూ చెబుతారు, ఎలా చచ్చారో చెప్పరు. ఒక్కో చావుకు ఒక్కో కారణం, ఒక్కో మందు. లెవెల్ తక్కువై చచ్చేవాడు రాత్రంతా రోల్ ప్రాక్టీసు చేస్తే వేలు నొప్పి మిగులుతుంది. టీవీ ఆలస్యం వల్ల చచ్చేవాడు లెవెల్ పెంచుకుంటూ పోతే నెల గడుస్తుంది. వచ్చే రిమోట్లను బట్టి ఇక్కడ ఎక్కువగా ఎల్డెన్ రింగ్, సెకిరో పేర్లే తీస్తాను. మిగతా గేములకూ చాలావరకు ఇదే లెక్క.

సమస్య: నొక్కుతున్నా, పలకట్లేదు

ముందు టీవీని అనుమానించండి. హాల్లో ఉన్న పెద్ద టీవీకి పీఎస్5 తగిలించి ఆడేవాళ్ళే ఈ ఫిర్యాదు ఎక్కువ తెస్తారు. సీరియళ్ళూ సినిమాలూ నున్నగా కనిపించాలని టీవీ రెండు ఫ్రేముల మధ్య లేని ఫ్రేమును తనే అల్లుతుంది. అల్లాలంటే తర్వాతి ఫ్రేము వచ్చేదాకా ఆగాలి. రంగులు దిద్దడానికి మరికొంత సమయం పడుతుంది. ఇవన్నీ కలిసి సెకనులో పదో వంతు తినేయగలవు. 60 ఫ్రేముల గేములో ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు. అంటే బాస్ (దారికి అడ్డంగా నిలిచే పెద్ద శత్రువు) చెయ్యి మీకు కనిపించేసరికి గేములో అది అయిదారు ఫ్రేములు ముందుకు వెళ్ళిపోయింది. సెట్టింగుల్లో పిక్చర్ మోడ్‌ని గేమ్ మోడ్‌కి మార్చండి. ఇంట్లో వాళ్ళు "టీవీ రంగు ఎందుకు మారింది" అని మళ్ళీ పాత మోడ్‌లో పెట్టేస్తారు, అందుకని ఆడేముందు ప్రతిసారీ చూసుకోండి. హెచ్‌డీఎంఐ పోర్టు ఒక్కోదానికి వేరే మోడ్ పెట్టుకునే టీవీ అయితే ఆ గొడవ ఉండదు.

లాప్‌టాప్ వాళ్ళకు వేరే బాధ. మే నెలలో, ఏసీ లేని గదిలో, పరుపు మీద పెట్టి ఆడితే ప్రాసెసర్ వేడెక్కి తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. ఫ్రేములు 60 నుంచి 40కి జారితే చేతికి పట్టుబడ్డ లయ పోతుంది. కింద గాలి ఆడేలా గట్టి బల్ల మీద పెట్టండి, గ్రాఫిక్స్ ఒక మెట్టు దించండి. ఎల్డెన్ రింగ్ పీసీలో కూడా 60 దాటదు కాబట్టి, అంతకుమించి ఆశపడి గ్రాఫిక్స్ కార్డుని ఉడికించడం దండగ.

ఇక మా ఇంటర్ కుర్రాడి అసలు జబ్బు. ఎల్డెన్ రింగ్‌లో సర్కిల్ నొక్కి పట్టుకుంటే పరుగు, నొక్కి వదిలితే రోల్. మీరు నొక్కగానే ఏది కావాలో గేముకి తెలియదు, వదిలేదాకా చూస్తుంది. అంటే రోల్ పుట్టేది వేలు లేచినప్పుడు. భయంతో బటన్‌ని గట్టిగా అదిమిపట్టేవాడికి రోల్ ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుంది. స్టవ్ మీద వేడి గిన్నె ముట్టుకున్నట్టు తాకి తీసేయాలి. కౌంటర్ మీదే ఆ రిమోట్‌తో వాడిచేత చేయించాను. నాలుగైదు సార్లకు అర్థమైంది. బాగు చేసినందుకు ఏం తీసుకోవాలో తెలియక టీ తాగించమన్నాను.

దీనికి తోడబుట్టిన జబ్బు ఇంకోటి: కంగారు రోల్. ఒకసారి రోల్ చేస్తుండగానే మళ్ళీ నొక్కితే గేము ఆ నొక్కుడుని గుర్తుపెట్టుకుని, మొదటిది అవగానే రెండోది చేయిస్తుంది. మీరేమో ఈలోపు కత్తితో కొట్టాలని R1 బటన్ నొక్కి, అది ఎందుకు రాలేదని తిడుతుంటారు. సర్కిల్ మూడుసార్లు టకటకా కొట్టేవాడు తన రోల్ తను ఆడట్లేదు, అర సెకను కిందటి భయాన్ని ఆడుతున్నాడు. మందు ఒకటే: దెబ్బకు ఒక్క నొక్కుడు. తప్పితే తప్పింది, తగిలితే తగిలింది, రెండోసారి మాత్రం వద్దు.

బరువు కూడా చూసుకోండి. మోయగల బరువులో 70 శాతం దాటితే గడ్డిమూట దొర్లినట్టు దొర్లుతారు, లేవడానికి ఆలస్యమవుతుంది. అందంగా ఉందని ఇనుప కవచం తొడుక్కుని, బటన్ మీద నెపం పెట్టినవాళ్ళనూ చూశాను. ఛాతీ కవచం ఒక్కటి తేలికది మార్చండి, చాలు.

కెమెరా, అంటే గేములో మన చూపు, తిప్పే స్టిక్ నిజంగానే పోయిందా అనేది తేల్చుకోవడం సులువు. రిమోట్‌ని బల్ల మీద పెట్టి చేతులు తీసేయండి. కెమెరా తనంతట తను తిరుగుతుంటే స్టిక్ కింద ఉన్న పొటెన్షియోమీటర్ అరిగింది, లేదా దుమ్ము పట్టింది. పీసీలో అయితే స్టీమ్ సెట్టింగుల్లో డెడ్ జోన్ (స్టిక్ చిన్న కదలికను గేము పట్టించుకోని మేర) కొద్దిగా పెంచి కొన్నాళ్ళు నెట్టుకురావచ్చు. తర్వాత ఎలాగూ మా దగ్గరికి రావాల్సిందే.

సమస్య: ఎప్పుడూ అదే దెబ్బకు చస్తున్నా

స్టార్మ్‌వీల్ కోట ముందు కర్ర పట్టుకుని నిలబడే ఎల్డెన్ రింగ్ బాస్ మార్గిట్ దగ్గర ఆగిపోయినవాళ్ళు ఎంతమందో. వాడు కర్ర పైకెత్తుతాడు. మీరు రోల్ చేస్తారు. వాడు ఇంకా ఎత్తే ఉంచుతాడు. మీరు లేచి నిలబడతారు. అప్పుడు దించుతాడు.

గల్లీ క్రికెట్‌లో స్లోయర్ బాల్‌కి ముందే బ్యాట్ ఊపేసి గాల్లోకి లేపినవాళ్ళకు ఇది అర్థం కావాలి. చెయ్యి తిరిగిందని ఊపితే క్యాచ్, బంతిని చూసి ఊపితే పరుగు. మార్గిట్ చెయ్యి లేవడం మీకు వేసిన ఎర. కర్ర కిందికి కదలడం మొదలైన క్షణమే మీ క్షణం. మనిషి కంటితో చూసి వేలు కదపడానికి సెకనులో నాలుగో వంతు వరకు పడుతుంది, రోల్‌లో దెబ్బ తగలని భాగం సుమారు 0.4 సెకను ఉంటుంది. తెలిసిన దెబ్బకు ఈ రెండిటి మధ్య కావలసినంత చోటుంది, తెలియని దెబ్బకు ఉండదు. అందుకే నేను చెప్పే పద్ధతి అందరికీ మొదట చిరాకు తెప్పిస్తుంది: మొదటి అయిదు లైఫుల్లో బాస్‌ని కొట్టొద్దు. కత్తి మర్చిపోండి. ఎంతసేపు బతుకుతారో అదొక్కటే చూసుకోండి. కొట్టాలనే ఆత్రం లేకపోతే కళ్ళు బాస్ భుజం మీద నిలుస్తాయి.

వెనక్కి రోల్ చేయడం రెండో తప్పు. వెనక్కి పోతే కర్ర చివర మీ దగ్గరికి వచ్చేదాకా సమయం సాగుతుంది, రోల్ ముందే అయిపోతుంది. దెబ్బలోకి, వాడి చంక కిందికి దూరండి. భయమేస్తుంది, నిజమే. ఆ 0.4 సెకనులో కర్ర మీ ఒంట్లోంచి పోతుంది, మీరు వాడి వెనక తేలతారు.

అసలు ఓపిక లేకపోతే మర్క్‌వాటర్ గుహలో పాచెస్ అనేవాడు 5,000 రూన్‌లకు (ఆ గేములో డబ్బు) మార్గిట్ సంకెళ్ళు అమ్ముతాడు. వాడితే బాస్ కొద్దిసేపు నేలకు కట్టేసినట్టు పడి ఉంటాడు. గేమ్ చేసినవాళ్ళే పెట్టిన సాయం అది, తీసుకుంటే తలవంపులేం లేవు.

సమస్య: బాస్‌కి చిటికెడు ప్రాణం ఉండగా చస్తా

కారణం మీకూ తెలుసు. అప్పటిదాకా రెండు దెబ్బలు కొట్టి వెనక్కి వచ్చినవాడు, బాస్ ప్రాణం చూపే ఎర్రగీత అంగుళం మిగలగానే నాలుగో దెబ్బకు వెళ్తాడు. పానీపూరీ బండి దగ్గర ఆరు తిన్నాక ఇంకో ప్లేటు అన్నట్టు. అంగుళం మిగిలినప్పుడు రెండు కొట్టాల్సిన చోట ఒకటే కొట్టండి.

ఇంకో సంగతి. చివర్లో ప్రాణం నింపే సీసా తాగబోతుండగా బాస్ ఎగిరి మీద పడతాడు కదా, అది మీ దురదృష్టం అనుకోకండి. మీరు తాగడం చూసి మీదికి దూకేలా కొన్ని బాస్‌లను తయారు చేశారు. కాబట్టి వాడు దెబ్బ కొట్టడం పూర్తయ్యాక, చెయ్యి ఖాళీ లేని సమయంలో తాగాలి.

సమస్య: వాడు రెండు కొడితే పోతున్నా, నేను కొడితే దోమ కుట్టినట్టుంది

ఇక్కడ వేలు తప్పేం లేదు, మీరు చోటు తప్పారు. ఎల్డెన్ రింగ్‌లో దారి చూపే వెలుగు తిన్నగా మార్గిట్ దగ్గరికి తీసుకెళ్తుంది. దాన్ని నమ్మి పోకుండా దక్షిణాన వీపింగ్ పెనిన్సులా వైపు గుర్రం తిప్పండి. కత్తికి పదును పెట్టే రాళ్ళు ఏరండి. విగర్, అంటే ప్రాణం పెంచే గుణం, పెంచండి. దీన్ని పట్టించుకోకుండా బలం మీదే పాయింట్లు పోసేవాళ్ళే నా దగ్గర గొంతు చించుకునేది. విగర్ 40 ఉంటే ప్రాణం 1,450, 60కి 1,900. అక్కడి నుంచి పెరుగుదల మందగిస్తుంది.

2024 జూన్‌లో ఎల్డెన్ రింగ్‌కి అదనపు భాగం షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీ వచ్చినప్పుడు ఇదే గోల పెద్ద ఎత్తున లేచింది. 150 లెవెల్‌తో మీసం తిప్పుతూ పోయినవాళ్ళు మామూలు సైనికుడి చేతిలో పోయారు. పాత లెవెళ్ళు ఉన్నంత మాత్రాన అక్కడ చాలవు, ఆ నేల మీదే దొరికే స్కాడూట్రీ ముక్కలు ఏరి దీవెన పెంచుకోవాలి. మొత్తం 50 ముక్కలు, 20 మెట్లు. వారం తిరక్కుండానే గేమ్ చేసిన ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ ఒక అప్‌డేట్ ఇచ్చి మొదటి మెట్ల బలం పెంచింది. హాలో నైట్: సిల్క్‌సాంగ్ గేముకీ అంతే. 2025 సెప్టెంబరులో వచ్చింది, అయిదు ప్రాణాలతో మొదలుపెట్టిన ఆటగాడికి ఒక్కో దెబ్బకు రెండేసి తీసే శత్రువులు ఎదురయ్యారు. మొదటి ప్యాచ్ (దిద్దుబాటు అప్‌డేట్)లోనే ఆరంభంలో వచ్చే రెండు బాస్‌ల జోరు తగ్గించారు. అంటే అప్పుడప్పుడు తప్పు గేమ్ చేసినవాళ్ళదీ ఉంటుంది. ప్యాచ్ వచ్చిందేమో చూసుకుని అప్పుడు మిమ్మల్ని మీరు తిట్టుకోండి.

సెకిరో మాత్రం వేరే కులం. 2019లో వచ్చినప్పుడు, డార్క్ సోల్స్‌లో పండిపోయినవాళ్ళే ఎక్కువ ఏడ్చారు. అందులో లెవెల్ పెంచుకుని గట్టెక్కడం ఉండదు, తప్పించుకు తిరగడం పనికిరాదు. మీరు దూరంగా తిరిగేకొద్దీ బాస్ పోస్చర్ గీత (నిండితే నిలకడ తప్పుతుంది) మళ్ళీ తగ్గిపోతుంది. దగ్గరే నిలబడి, కత్తికి కత్తి అడ్డంపెట్టి, ఖాళీ దొరికితే కొట్టాలి. ముందు ప్రాణం కాస్త తగ్గించండి, ప్రాణం తగ్గినవాడి పోస్చర్ తొందరగా కోలుకోదు. అడ్డుకునే బటన్ L1ని టకటకా కొడితే అడ్డుకునే సమయం కుంచించుకుపోతుంది, కాబట్టి ఇక్కడా దెబ్బకు ఒక్క నొక్కుడే. మీ పోస్చర్ నిండుతుంటే L1 పట్టుకుని నిలబడండి, త్వరగా దిగుతుంది.

సమస్య: మొదట బాగా ఆడా, రాన్రాను చెత్తగా ఆడుతున్నా

రాత్రి ఒంటిగంట అయింది, పడుకోండి. చేతికి నేర్పిన పని నిద్రలో కుదురుకుంటుంది, పొద్దున ఆ బాసే మొదటి అయిదు ప్రయత్నాల్లో పోయినా ఆశ్చర్యం లేదు.

నేను చెప్పిన మాట నేనూ వినలేదు లెండి. సెకిరోలో గెనిచిరో అనే బాస్ చేతిలో ఓడి, ఓడి, రాత్రి రెండింటికి రిమోట్‌ని సోఫా మీదికి విసిరాను. సోఫా అంచుకు తగిలి గోడకు కొట్టుకుంది. పొద్దున షాపులో దాన్ని విప్పుతుంటే పక్క షాపు అన్న అడిగాడు: "కస్టమర్ ఎవలు?" చెప్పలేకపోయాను.

ఒక లెక్క పెట్టుకోండి. వరుసగా మూడుసార్లు, ముందు నేర్చుకున్న దెబ్బకే చస్తే ఆ రోజుకి ఆపేయాలి. కొత్త దెబ్బకు చస్తుంటే మాత్రం కొనసాగించొచ్చు, ఇంకా నేర్చుకుంటున్నారు.

సమస్య: గెలిచినా సంతోషం లేదు

ఇది పరుపు మీద పడుకున్నా పట్టని నిద్రలాంటిది, బయటి నుంచి చెప్పడం కష్టం. ఎక్కువసార్లు కారణం స్నేహితులే. "బూడిద ఆత్మలను పిలిచి గెలిస్తే గెలుపేందిరా?" అంటాడొకడు. ఎల్డెన్ రింగ్‌లో మన పక్కన పోరాడే తోడు అవి. పాత కాంట్రా గేములో పైకి పైకి, కిందికి కిందికి నొక్కి 30 లైఫులు తెచ్చుకున్న తరం మాది. మూడు లైఫులతో పూర్తి చేసినవాడు మా బస్తీలో ఒక్కడూ లేడు, అందరం పూర్తి చేశామనే చెప్పుకుంటాం. 2005 నాటి రెసిడెంట్ ఈవిల్ 4 ఎక్కువసార్లు చచ్చేవాడికి చెప్పకుండానే శత్రువులను తేలిక చేసేది, ఎవరూ ఫిర్యాదు చేయలేదు, తెలియదు కనుక. 2018లో వచ్చిన సెలెస్ట్‌లో అసిస్ట్ మోడ్ బాహాటంగానే ఉంది, గేము వేగాన్ని సగానికి తగ్గించుకోవచ్చు. ఎల్డెన్ రింగ్‌లో ఎల్లే చర్చి దగ్గర రాత్రిపూట రెన్నా ఇచ్చే తోడేళ్ళను పిలవండి. అవి బాస్‌ని కాసేపు ఆపుతాయి, మీరు సీసా తాగొచ్చు. అయినా ఆడాలనిపించకపోతే గేమ్ మార్చండి.

ఆ ఇంటర్ కుర్రాడు మూడు వారాలకు మళ్ళీ వచ్చాడు, అదే రిమోట్.

"మార్గిట్ అయిపోయిండు అన్నా. వెనకకు గాకుండ లోపలికే రోల్ జేసిన."

"మరి మళ్ల ఎందుకొచ్చినవ్?"

రిమోట్ బల్ల మీద పెట్టి, చేతులు తీసేసి, స్క్రీన్ వైపు చూడమన్నాడు. కెమెరా మెల్లగా ఎడమవైపు తిరుగుతోంది. ఈసారి స్టిక్ నిజంగానే పోయింది.