మిడ్‌సోల్ మెత్తగానే ఉన్నా మడమకు దెబ్బ తగులుతోందా? సమస్య - కారణం - పరిష్కారం

నమూనా షూ వేసుకున్న రన్నర్ "గట్టిగా ఉంది" అనగానే మిడ్‌సోల్ (పాదానికీ షూ అడుగుకూ మధ్య ఉండే మెత్తటి పొర) ఫోమ్‌ను మెత్తబరచడం, "ఊగుతోంది" అనగానే గట్టిపరచడం డిజైన్ టీములకు అలవాటు. చాలాసార్లు తప్పు ఫోమ్‌లో ఉండదు. మందంలోనో, అడుగు వెడల్పులోనో, అంచుల ఆకారంలోనో ఉంటుంది. అందుకే ఫార్ములా జోలికి వెళ్లేముందు నాలుగు కొలతలు రాసుకోండి: మడమ కింద మందం, ముందు పాదం కింద మందం, మడమ దగ్గర నేలను తాకే వెడల్పు, ఆస్కర్ సి (మెత్తటి ఫోమ్‌ల గట్టితనం కొలిచే స్కేలు) గట్టితనం.

గట్టితనాన్ని మిడ్‌సోల్ పైపొర మీద చూడకండి. అచ్చు గోడకు ఆనుకుని ఏర్పడే ఆ పొర లోపలి ఫోమ్ కన్నా గట్టిగా ఉంటుంది. మడమ భాగాన్ని అడ్డంగా కోసి, కోసిన ముఖం మీద ఐదు చోట్ల కొలిచి సగటు తీయండి. అంతకుముందు నమూనాను ఒక రాత్రంతా గది ఉష్ణోగ్రతలో ఉంచాలి. చల్లబడిన ఈవీఏ (మిడ్‌సోల్స్‌కు ఎక్కువగా వాడే ఫోమ్) గట్టిపడుతుంది, వేడెక్కినది మెత్తబడుతుంది. చలి ఉదయం వచ్చిన "గట్టిగా ఉంది" అనే ఫిర్యాదుకు ఇదొక్కటే కారణం కావచ్చు.

చేత్తో నొక్కితే మెత్తగా ఉంది, పరుగెత్తితే మడమకు నేల తగులుతోంది

ఫోమ్ అడుగంటుతోంది. లోపలి గాలి గదులన్నీ నలిగిపోయాక ఇక కుంగడానికి చోటుండదు, మిగిలిన శక్తి ఒక్కసారిగా మడమకు చేరుతుంది. నిర్ధారించుకోవడానికి ఇంపాక్ట్ టెస్ట్ చేయండి: 8.5 కిలోల బరువును 50 మి.మీ. ఎత్తు నుంచి మడమ భాగం మీద వదలాలి. అంటే దాదాపు 4.2 జౌళ్ల శక్తి. అప్పుడు నమోదయ్యే బలం - కుంగుదల గీత చివరిదాకా నెమ్మదిగా ఎక్కితే మెత్తదనం సరిపోయినట్టే. చివర్లో నిట్టనిలువుగా లేచిందంటే అడుగంటింది.

ఇక్కడ ఫోమ్‌ను ఇంకా మెత్తన చేస్తే సమస్య ముదురుతుంది. ముందు మిడ్‌సోల్‌ను తిరగేసి, బరువు తగ్గించడానికి మడమ కింద తీసిన గుంతలు చూడండి. గుంత మీద మిగిలిన ఫోమ్ పలచగా ఉంటే దాన్ని పూడ్చడంతోనే చాలావరకు సర్దుకుంటుంది. గుంతలు లేకపోతే మడమ మందం 2-3 మి.మీ. పెంచండి. పెంచడానికి వీల్లేకపోతే గట్టితనాన్ని ఆస్కర్ సి మీద 3-5 పాయింట్లు పెంచి, అదే టెస్ట్ మళ్లీ చేయండి. పోటీ షూ అయితే ఒక హద్దు గుర్తుంచుకోవాలి: వరల్డ్ అథ్లెటిక్స్ నిబంధనల ప్రకారం రోడ్డు పరుగుల్లో సోల్ మందం 40 మి.మీ. దాటకూడదు.

పెద్ద సైజుల నుంచే ఈ ఫిర్యాదు వస్తుంటే, చిన్న సైజుల వాళ్లు "గట్టిగా ఉంది" అంటుంటే, అన్ని సైజులకూ ఒకే ఫోమ్, ఒకే మందం వాడారన్నమాట. పెద్ద పాదాల వెనక సాధారణంగా ఎక్కువ బరువుంటుంది. సైజులను రెండు మూడు గుంపులుగా విడదీసి, గుంపుకో గట్టితనం ఇవ్వండి.

అడుగు వేసిన ప్రతిసారీ పాదం లోపలికి వాలుతోంది, చీలమండ ఊగుతోంది

తొందరపడితే ఎక్కువ నష్టం ఇక్కడే. "వాలుతోంది" అనే ఒక్క మాట వెనక రెండు వేర్వేరు లోపాలుండవచ్చు. రన్నర్‌ను ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించి, వెనక నుంచి మడమ ఎత్తులో కెమెరా పెట్టి స్లో మోషన్‌లో తీయండి. మిడ్‌సోల్ పై అంచు మీద, మడమ కప్పు (షూలో మడమను వెనక నుంచి పట్టి ఉంచే గట్టి భాగం) మధ్యలో ముందే మార్కర్‌తో గీతలు గీయండి. రెండు గీతలూ కలిసి వాలితే ఫోమ్ ఒక పక్కకు కుంగుతోంది. మిడ్‌సోల్ గీత సమంగా ఉండి మడమ గీత మాత్రమే పక్కకు జరిగితే, పాదం మిడ్‌సోల్ మీద జారుతోంది. అది మడమ కప్పు, లేసుల బిగింపు లోపం. ఫోమ్‌ను ఎంత మార్చినా పోదు.

ఫోమే కుంగుతుంటే ఈ వరుసలో వెళ్లండి.

ముందు అడుగు వెడల్పు. మందం పెరిగేకొద్దీ అడుగూ వెడల్పవ్వాలి. పాత మోడల్ అడుగునే ఉంచి ఎత్తు మాత్రం పెంచిన షూ ఊగకుండా ఉండదు. లోపలి వైపు (బొటనవేలి వైపు) 3-4 మి.మీ. పెంచి చూడండి. బయటి వైపు మాత్రం అంతే ధైర్యంగా పెంచకూడదు. మడమ బయటి మూల ముందుగా నేలను తాకే రన్నర్‌లో, బయటికి పొడుచుకొచ్చిన అంచు తులాదండంలా పనిచేసి పాదాన్ని మరింత వేగంగా లోపలికి విసురుతుంది. ఆ మూలను ఏటవాలుగా చెక్కేస్తే వేగం తగ్గుతుంది.

తర్వాత పక్క గోడలు. మడమ చుట్టూ, పాదం వంపు దగ్గర మిడ్‌సోల్ అంచును పాదం ఆనే తలం కన్నా 5-8 మి.మీ. పైకి లేపితే పాదం ఫోమ్ మీద కాకుండా ఫోమ్ లోపల కూర్చుంటుంది. బరువు పెద్దగా పెరగదు, మెత్తదనం పోదు. స్థిరత్వానికి ఇంత తక్కువ ఖర్చుతో ఇంత ఫలితమిచ్చే మార్పు మరొకటి లేదు.

రెండూ చాలకపోతేనే లోపలి వైపు గట్టి ఫోమ్ ముక్క పెట్టండి. ప్రధాన ఫోమ్ కన్నా 10-15 పాయింట్లు గట్టిగా ఉంటే చాలు. రెండు ఫోమ్‌ల అతుకు నిలువుగా ఉంటే పాదానికి గట్టి అంచు తెలుస్తుంది, వంపు దగ్గర బొబ్బలొస్తాయి. అతుకును ఏటవాలుగా కోస్తే మెత్తదనం నుంచి గట్టిదనానికి మార్పు క్రమంగా జరుగుతుంది.

బాస్కెట్‌బాల్, టెన్నిస్ షూల లెక్క వేరు. అక్కడ పాదం బయటికి మడత పడుతుంది. చిటికెన వేలి మొదలు పక్కన అడుగును బయటికి పొడిగించి, ముందు పాదం కింద మందం తగ్గించాలి.

ముందు పాదం మండుతోంది, వేళ్ల మొదళ్ల కింద నొప్పి

మిడ్‌సోల్ లోపల కార్బన్ ప్లేట్ (గట్టి కార్బన్ ఫైబర్ పలక) ఉన్న షూ అయితే ప్లేట్ పాదానికి మరీ దగ్గరగా ఉందేమో కోసి చూడండి. ప్లేట్ పైన ఫోమ్ పలచగా ఉంటే ఒత్తిడంతా వేళ్ల మొదళ్ల కింద పోగవుతుంది. ప్లేట్‌ను కిందికి దించండి. ప్లేట్ లేకపోతే సోల్ ముందు భాగం పైకి లేచే ఒంపు ఎక్కడ మొదలవుతోందో చూడండి. అది వేళ్ల మొదళ్లకు కాస్త వెనక మొదలవ్వాలి. ముందుకు జరిగితే రన్నర్ ప్రతి అడుగుకూ ఆ గట్టును బలంగా ఎక్కాల్సి వస్తుంది.

కొత్తలో బాగుంది, కొన్ని వారాలకే చచ్చుబడిపోయింది

ఫోమ్ శాశ్వతంగా కుంగింది. పాత, కొత్త మిడ్‌సోల్స్‌ను పక్కపక్కన పెట్టి మడమ దగ్గర కాలిపర్స్‌తో కొలవండి. ఫోమ్ ముక్కను సగం మందానికి నొక్కి, 50 డిగ్రీల వద్ద 6 గంటలు ఉంచి, వదిలిన అరగంటకు మళ్లీ కొలవండి. 20 మి.మీ. ముక్కను 10కి నొక్కితే 16కే తిరిగొచ్చిందనుకోండి, పోయిన 4ను నొక్కిన 10తో భాగిస్తే 40 శాతం శాశ్వత కుంగుదల. ఇదే పరీక్ష పాత, కొత్త ఫార్ములాలకు చేసి పోల్చండి.

కారణం తరచూ కోత ముఖంలోనే కనిపిస్తుంది. అంచుల్లో సన్నగా, మధ్యలో పెద్దవిగా, చిరిగినట్టుగా ఉన్న గదులు కనబడితే మధ్యభాగం అచ్చులో సరిగా ఉడకలేదు. మందమైన మడమ మధ్యకు వేడి ఆలస్యంగా చేరుతుంది కాబట్టి అచ్చు సమయం పెంచండి. గదులు అన్నిచోట్లా పెద్దవే అయితే ఊదే పదార్థం (ఫోమ్‌లో గాలి గదులు పుట్టించేది) ఎక్కువైంది. మోతాదు తగ్గించి సాంద్రత పెంచండి. గదులు బాగానే ఉండీ కుంగుతుంటే ఈవీఏలో ఒలెఫిన్ ఎలాస్టోమర్ (రబ్బరులా సాగే ప్లాస్టిక్) కలపడం, లేదా టీపీయూ, పెబా అనే వేరే రకం సాగే ప్లాస్టిక్ ఫోమ్‌లకు మారడం దారి.

ఎడమ, కుడి షూలు ఒకేలా లేవు

అచ్చు నుంచి తీసిన ఈవీఏ గంటల తరబడి కుంచించుకుంటూనే ఉంటుంది. వేడివేడిగా కొలిచి జతకట్టిన మిడ్‌సోల్స్ మర్నాటికి తేడా చూపుతాయి. అందుకే క్రమంగా చల్లబరచి, 24 గంటల తర్వాతే పొడవు, గట్టితనం కొలిచి జత కట్టండి. ఒకే బ్యాచ్ ఫోమ్‌తో చేసినవాటినే జతగా ఉంచండి.