ఈస్టర్‌కి బొగ్గింజను వెలిగించే ముందు

మార్చి ఆఖరి వారం వచ్చిందంటే మా షెడ్డులో అందరికీ ఒకటే టెన్షన్. ఈస్టర్ సెలవులకి గేటు తెరవాలి, పిల్లలు వస్తారు. ఇంజను చూస్తే అక్టోబరు నుంచి చల్లగా పడి ఉంది. ఇంగ్లండులో ఒక పాత జమీందారీ తోటలో, 10¼ అంగుళాల గేజి మీద తిరిగే ఆవిరి రైలు మాది. రెండు పట్టాల మధ్య 260 మిల్లీమీటర్లు, అంటే జానెడు మీద రెండు వేళ్లు. వారాంతాల్లో నేను అక్కడ జీతం లేని పని చేస్తుంటాను. ఈ ఏడాది మన తెలుగు కుర్రాళ్లు ఇద్దరు కొత్తగా చేరారు. వాళ్లకి చెప్పిందే ఇక్కడ కూడా రాస్తున్నాను.

మొదట, దీన్ని బొమ్మ అనడం మానెయ్యాలి. బాయిలర్లో ఒత్తిడి చదరపు అంగుళానికి 150 పౌండ్లు ఉందంటే లోపలి నీళ్లు 185 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉన్నట్టు. ఇంజను చిన్నదైనంత మాత్రాన ఆ వేడి తగ్గదు. పైగా చిన్న ఇంజనుతో ఇంకో తంటా ఉంది, లోపల పట్టే నీళ్లే తక్కువ. పెద్ద ఇంజను మీద గేజ్ గ్లాసులో, అంటే బాయిలర్లో నీటి మట్టం చూపించే గాజు గొట్టంలో, సగం నీళ్లుంటే కాస్త ఊపిరి తీసుకోవచ్చు. ఇక్కడ ఎవరితోనో కబుర్లలో పడి ఎత్తు ఎక్కించేసరికి నీళ్లు అడుగున కనిపిస్తాయి. నిప్పు మండే పెట్టె, అంటే ఫైర్‌బాక్స్, పైకప్పు మీద నీళ్లు లేకపోతే ఆ లోహం మెత్తబడిపోతుంది. ఆ తర్వాత మనం చెయ్యగలిగేది పెద్దగా ఉండదు. మా తాత బిట్రగుంట లోకో షెడ్డులో ఫైర్‌మన్. డ్యూటీ ఎక్కగానే ఆయన చూపు ముందు నిప్పు మీదికి కాదు, గ్లాసు మీదికే పోయేదట.

షెడ్డు తలుపు తియ్యగానే చూడాల్సింది చలి చేసిన నష్టం. నీళ్లు గడ్డకడితే తొమ్మిది శాతం దాకా ఉబ్బుతాయి. శీతాకాలం ముందు బాయిలర్ ఖాళీ చేశాం కదా అని ధీమాగా ఉంటాం. ఆవిరి బలంతో బాయిలర్లోకి నీళ్లు తోసే ఇంజెక్టర్లో, చేతిపంపులో, ఏదో వంగిన గొట్టంలో ఒక గుక్కెడు నీళ్లు మిగిలిపోతే చాలు, ఇత్తడి సన్నగా చీలుతుంది. ఆ చీలిక చల్లగా ఉన్నప్పుడు కంటికి ఆనదు. ఆవిరి ఎక్కాక మీ ముఖం మీదికే చిమ్ముతుంది. అందుకే బాయిలర్ నింపాక అరగంట ఊరికే వదిలేసి, కింద పాత న్యూస్‌పేపర్లు పరిచి చూడండి. ఎక్కడ తడిస్తే అక్కడ పని ఉన్నట్టు.

పొగగొట్టంలోకి టార్చి వేసి చూడటం మరిచిపోవద్దు. శీతాకాలం కోసం మనమే కుక్కిన గుడ్డ అక్కడే ఉండొచ్చు, పిట్టగూడు కూడా ఉండొచ్చు. పొగ వెళ్లే దారి లేక మంట తలుపులోంచి వెనక్కి తన్నితే ఎదురుగా ఉండేది మీ మోకాళ్లు. ఈ సైజు ఇంజన్లలో డ్రైవరు టెండరు మీద, అంటే వెనక బొగ్గూ నీళ్లూ మోసే బండి మీద కూర్చుంటాడు, ఫైర్‌బాక్స్ తలుపు సరిగ్గా రెండు మోకాళ్ల మధ్యకి వస్తుంది. పాలిస్టర్ ట్రాక్‌ప్యాంటుతో వచ్చిన కుర్రాణ్ణి నేను ఇంటికి పంపేశాను. మందపాటి నూలు బట్టలు, తోలు బూట్లు, చేతికి గ్లవ్స్ ఉండాల్సిందే.

కాగితాల విషయం త్వరగా చెప్పేస్తాను. బ్రిటన్‌లో ఒత్తిడితో పనిచేసే పరికరాలకి 2000 సంవత్సరపు నిబంధనలున్నాయి. జనాన్ని ఎక్కించుకునే బాయిలర్‌ని అర్హత ఉన్న ఇన్‌స్పెక్టరు, ముందే రాసిపెట్టుకున్న పద్ధతి ప్రకారం చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, ఆవిరిలో ఒకసారి చూస్తాడు. ఆయన సంతకం చేతికి రాకముందే “ఒక్క రౌండు వేసొద్దాం” అనే పెద్దమనిషి ప్రతి షెడ్డులోనూ ఒకడుంటాడు. వాడు ఎంత సీనియరైనా సరే, తాళాలు ఇవ్వొద్దు.

ఇక నిప్పు. ఆరు నెలలు చల్లగా ఉన్న బాయిలర్‌ని గంటలో మరిగించాలనుకోకండి. ట్యూబులు, ప్లేట్లు, ఆ ప్లేట్లని పట్టి ఉంచే స్టేలు అన్నీ ఒకే తీరుగా వ్యాకోచించవు. తొందరపెడితే కీళ్ల దగ్గర కారడం మొదలవుతుంది. మేమైతే ముందు రోజు సాయంత్రం నాలుగు పుల్లలతో చిన్న మంట పెట్టి, గోరువెచ్చ చేసి ఇంటికి పోతాం. అసలు మంట మర్నాడు పొద్దున. షెడ్డు తలుపులు బార్లా తెరిచి ఉంచాలి. బొగ్గు పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి వాసన ఉండదు. వీలైతే ఇంజనుని బయటికి తోసి వెలిగించడమే మేలు.

ఒత్తిడి కొంచెం ఎక్కాక గేజ్ గ్లాసు కాక్‌లు (చిన్న కుళాయిలు) ఒక్కొక్కటే తిప్పి ఊదించండి. దారి మూసుకుపోయిన గ్లాసు చూపించేది పాత మట్టం, నిజం కాదు. నీళ్లు ఎక్కించే పరికరాలు రెండూ షెడ్డు దాటకముందే పనిచెయ్యాలి. ఒకటి బాగానే ఉంది కదా అని వెళ్లొద్దు, అది కూడా తోట మధ్యలోనే మొరాయిస్తుంది. ఒత్తిడి చూపించే ముల్లు ఎర్రగీత దగ్గరికి రాగానే, ఎక్కువైన ఆవిరిని వదిలే సేఫ్టీ వాల్వులు లేవాలి, లేచాక ముల్లు పైకి పాకకూడదు. వాటి స్క్రూ జోలికి మీరు పోవద్దు.

బొగ్గు గురించి ఒక మాట. వేల్స్‌లోని ఫోస్-ఎ-ఫ్రాన్ గని 2023లో మూతపడ్డాక అలవాటైన వెల్ష్ బొగ్గు దొరకడం కష్టమైంది. చాలామంది గుడ్డులా అచ్చుపోసిన బొగ్గు ఉండలకి మారారు. అవి అంటుకునే తీరు వేరు, బూడిద వేరు. కొత్త సరుకుని సందర్శకులు వచ్చే రోజు మొదటిసారి వాడకండి.

కదిలించేటప్పుడు సిలిండర్లోని నీళ్లు బయటికి వదిలే డ్రెయిన్ కాక్‌లు తెరిచి ఉంచాలి. చల్లటి సిలిండర్లో ఆవిరి నీరవుతుంది. నీళ్లని పిస్టన్ నొక్కలేదు, మూతే పగులుతుంది. దిగేటప్పుడు హ్యాండ్‌బ్రేక్ వెయ్యాలి, సిలిండర్లకి ఆవిరి వదిలే రెగ్యులేటర్ మూసి, ముందుకా వెనక్కా అని మార్చే రివర్సర్ మధ్యలో పెట్టాలి, డ్రెయిన్ కాక్‌లు తెరవాలి. రెండేళ్ల కిందట నేను బ్రేకు వెయ్యకుండా, రివర్సర్‌ని ముందుకే వదిలేసి టీకి వెళ్లాను. రెగ్యులేటర్ సన్నగా లీకవుతోంది. ఇంజను తనంతట తాను రెండడుగులు నడిచి, పట్టా మీద పెట్టిన నా టూల్‌బాక్స్‌ని నలిపేసింది. అక్కడ ఎవరైనా కూర్చుని ఉంటే ఏమయ్యేదో నేను ఇప్పటికీ ఆలోచించను.

నిజానికి నన్ను ఎక్కువగా భయపెట్టేది బాయిలర్ కాదు, పట్టా. బాయిలర్‌ని పదిమంది చూస్తారు. పట్టాల వెంట గ్యాంగ్‌మన్‌లా నడిచే ఓపిక తక్కువమందికి ఉంటుంది. మొత్తం లైను కాలినడకనే చూడండి. బండి మీద తిరిగి చూశామంటే చూడనట్టే. వంపుల దగ్గర గేజి కొలవండి. అక్కడ స్లీపర్లు కుళ్లితే పట్టాలు బయటికి జరుగుతాయి. రెండు పట్టాల ముక్కల్ని కలిపే ఫిష్‌ప్లేట్ల బోల్టులు చూడండి. కుందేళ్లు కంకర కింద బొరియలు తవ్వుతాయి, పైకి ఏమీ తెలియదు, బండి ఎక్కగానే కుంగుతుంది. అదే బ్యాడ్జర్ అనే అడవి జంతువు బొరియ అయితే ముట్టుకోకండి, బ్యాడ్జర్ ఇక్కడ 1992 చట్టం కింద రక్షణ ఉన్న జంతువు. తెలిసినవాళ్లని పిలవాలి. తల పైకెత్తి చెట్లు కూడా చూడండి. బ్రిటన్‌లో యాష్ చెట్లకి ఎండు తెగులు పట్టింది, కొమ్మలు చెప్పాపెట్టకుండా విరిగిపడతాయి.

పట్టా మీద ఇంత బెంగ ఎందుకంటే, ఇంత సన్నటి గేజి మీద మనుషులు కూర్చుంటే బరువంతా పైనే ఉంటుంది. ఎస్టేట్లలో ఇలాంటి చిన్న రైళ్లు కట్టిన సర్ ఆర్థర్ హేవుడ్‌కి ఇది ఎప్పుడో తెలిసింది. ఆయన ముందు 9 అంగుళాల గేజి కట్టి చూశాడు, మనుషులెక్కితే నిలకడ చాలలేదు. 1874లో డెర్బీ దగ్గర డఫీల్డ్ బ్యాంక్‌లో తన ఇంటి ఆవరణలో 15 అంగుళాల లైను మొదలుపెట్టాడు. 1896లో చెస్టర్ దగ్గర ఈటన్ హాల్‌లో వెస్ట్‌మినిస్టర్ డ్యూక్‌కి అదే గేజి మీద కట్టి ఇచ్చాడు. ‘కేటీ’ అనే ఇంజను అక్కడిదే. ఆ లైను మీద వచ్చింది విలాసం కాదు, బంగళాకి బొగ్గు, ఇటుకలు. మనది ఆయన ఎంచుకున్న గేజికంటే సన్నం. కాబట్టి ఎక్కేవాళ్లకి మనం ఇంకా గట్టిగా చెప్పాలి: పక్కకి వాలొద్దు, సెల్ఫీ కోసం లేచి నిలబడొద్దు, కాళ్లు ఫుట్‌బోర్డు దాటి పెట్టొద్దు.

మనవాళ్లకి ప్రత్యేకంగా ఒకటి చెప్పాలి. మే నెలలో రోడోడెండ్రాన్లు పూసినప్పుడు హాంప్‌షైర్‌లోని ఎక్స్‌బరీ లాంటి తోటలకి మన కుటుంబాలు చాలా వస్తాయి. అక్కడ 12¼ అంగుళాల లైను మీద ‘రోజ్‌మేరీ’, ‘నయోమీ’ అనే ఇంజన్లు తిరుగుతాయి. అలాంటిచోట చీర కొంగు, చున్నీ చక్రాల దగ్గరికి వేలాడకూడదు. ఎక్కేముందే ఒళ్లోకి లాక్కుని దోపుకోండి. చిన్నపిల్లల్ని అంచున కాకుండా పెద్దవాళ్ల మధ్య కూర్చోబెట్టండి. కంట్లో నలుసు పడితే రుద్దకండి, నీళ్లతో కడగండి. ఫోటో కోసం బాయిలర్ మీద చెయ్యి ఆనించబోయే బాబాయిలు ప్రతి ఏడాదీ ఉంటారు.

చివరగా గడ్డి. ఇంగ్లండు అంటే ఎప్పుడూ వానే అనుకుంటాం కానీ మార్చి, ఏప్రిల్‌లలో పోయిన ఏటి ఎండుగడ్డి, ఫెర్న్ ఆకులు పొడిగా పడి ఉంటాయి. నిప్పురవ్వలు ఆపే జాలీకి చిల్లులున్నాయేమో చూడండి. లైను వారగా గడ్డి కోసి, కోసింది అక్కడే వదలకుండా తీసెయ్యండి. నీళ్ల బకెట్లు, చీపుళ్లు ఎత్తుల దగ్గర పెట్టండి, ఇంజను ఎక్కువ రవ్వలు ఊదేది అక్కడే. ఆఖరి ట్రిప్పు అయ్యాక బూడిద ఇనప డబ్బాలో వేసి తడపండి. అరగంట తర్వాత ఒకరు లైను వెంట మళ్లీ నడిచి రావాలి. ఈ ఆదివారం ఆ వంతు నాది, వచ్చే వారం కొత్త కుర్రాళ్లది.