ఆగిన బండి నిలబడాలంటే: ఆఫ్‌రోడ్ జీపు తయారీ, ఏడో పాఠం

ఈసారి వించి (దిగబడిన బండిని తాడుతో లాగే యంత్రం) బిగింపు గురించి రాయాలనుకున్నాను. దాన్ని వాయిదా వేస్తున్నాను. ఆరో పాఠం చదివి వెనక చక్రాల డ్రమ్ము బ్రేకులు తీయించి డిస్కు బ్రేకులు పెట్టించుకున్నవారి ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే ఫిర్యాదు: బండి చక్కగా ఆగుతోంది, ఆగినచోట మాత్రం నిలబడటం లేదు. తప్పు నాది. డిస్కు మార్పిడి గురించి అంత వివరంగా రాసి, డ్రమ్ములతోపాటు వాటిలోని హ్యాండ్‌బ్రేకూ పోతుందన్న సంగతి చివర ఒక్క వాక్యంలో తేల్చేశాను. డ్రమ్ము విప్పకముందే చెప్పవలసిన మాట అది.

మియాపూర్ నుంచి ఒకరు రాశారు. అపార్ట్‌మెంటు సెల్లారు ర్యాంపు మీద మొదటి గేరులో పెట్టి పైకి వెళ్లారట. గంట తరవాత వచ్చి చూస్తే జీపు రెండడుగులు జారి గోడకు ఆనుకుని ఉంది. గేరులో పెట్టిన బండిని పట్టి ఉంచేది ఇంజను సిలిండర్లలో నొక్కుకుపోయిన గాలి. ఆ గాలి రింగుల పక్క నుంచి మెల్లగా కారిపోతుంది. కారినప్పుడల్లా ఇంజను కాస్త తిరుగుతుంది, బండి కాస్త జారుతుంది. ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజను బలాన్ని ముందు, వెనక ఇరుసులకు పంచే గేరు పెట్టె) లివరు న్యూట్రల్లో ఉంటే ఆ ఆసరా కూడా ఉండదు, గేరు ఏది వేసినా ఒకటే. గేరు తోడు మాత్రమే, అది బ్రేకు కాదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 96వ నిబంధన కూడా కాలిబ్రేకు, పార్కింగ్ బ్రేకు (అంటే హ్యాండ్‌బ్రేకు) రెండూ వేరువేరుగా ఉండాలంటుంది. కాబట్టి హ్యాండ్‌బ్రేకు లేని జీపును ఈ పాఠం పూర్తయ్యేదాకా రోడ్డెక్కించకండి.

మరికొందరు లైన్ లాక్ బిగించుకుని సమస్య తీరిందనుకున్నారు. తీరలేదు. పెడల్ తొక్కినప్పుడు బ్రేకు ద్రవం పైపులో పుట్టిన ఒత్తిడిని ఒక వాల్వుతో బంధించడమే లైన్ లాక్ చేసే పని. వేడెక్కిన ద్రవం చల్లబడితే కుంచించుకుపోతుంది, ఒత్తిడి పడిపోతుంది. ఏదో ఒక రబ్బరు సీలు దగ్గర చుక్క కారినా అంతే. బండిలో మీరు కూర్చుని ఉండగా నిమిషం పాటు నిలపడానికి అది పనికొస్తుంది. దిగి వెళ్లిపోవడానికి పనికిరాదు. పార్కింగ్ బ్రేకు అంటే తీగో, కడ్డీయో, స్క్రూవో పట్టుకుని ఉండాలి. ద్రవాన్ని నమ్మి దిగకూడదు.

ఎంత పట్టు కావాలో లెక్క వేద్దాం. ప్యాసింజర్ కార్లకు ఐక్యరాజ్యసమితి 13-హెచ్ నిబంధన, పూర్తి బరువుతో 20 శాతం వాలు మీద నిలబడాలని అడుగుతుంది. 20 శాతం అంటే 20 డిగ్రీలు కాదు, 11 డిగ్రీల పైచిలుకు. 20 డిగ్రీలంటే 36 శాతం అవుతుంది. సామానుతో 1,800 కిలోలున్న జీపును 20 శాతం వాలు కిందికి లాగే బలం సుమారు 350 కిలోలు. టైరు వ్యాసార్ధం 37 సెంటీమీటర్లైతే వెనక చక్రాలు రెండూ కలిసి 130 కిలోగ్రాం-మీటర్ల టార్క్‌ను (తిప్పే బలాన్ని) ఆపాలి. 28 అంగుళాల టైరు తీసి 31 వేసుకున్నవారు దీనికి మరో 11 శాతం కలుపుకోండి. టైరు పెద్దది చేసి హ్యాండ్‌బ్రేకు ముట్టుకోనివారు పట్టు తగ్గించుకున్నట్టే.

ఇక ఎంపిక. వెనక డ్రమ్ములు ఇంకా ఉన్నవారు వాటినే ఉంచుకోండి. డ్రమ్ము లోపలి గోడకు నొక్కుకుని పట్టే వంపు పలకే షూ. దానికి తనంతట తానే బిగుసుకునే గుణం ఉంది. వేడెక్కిన డ్రమ్ము చల్లబడుతూ షూల మీదికి కుంచించుకుంటుంది కాబట్టి, నిలిపిన తరవాత పట్టు పెరుగుతుందే తప్ప తగ్గదు. డిస్కుది దీనికి సరిగ్గా వ్యతిరేకం. వేడి మీద బిగించి దిగితే, చల్లబడే కొద్దీ డిస్కు మందం తగ్గి, దాన్ని రెండువైపులా నొక్కే ప్యాడ్ల పట్టు సడలుతుంది. ప్యాడ్లను నొక్కే క్యాలిపర్‌లోనే హ్యాండ్‌బ్రేకు లివరు ఉండే రకాన్ని నేను ఎవరికీ సిఫారసు చేయను. తప్పనిసరైతే బండి ఆపిన పావుగంటకు లివరు మరోసారి లాగడం అలవాటు చేసుకోండి. డిస్కు మధ్య గిన్నెలో చిన్న డ్రమ్ము ఉండే రకం దీనికంటే చాలా నయం.

నా జీపుకు నేను ఎంచుకున్నది ప్రొపెల్లర్ షాఫ్ట్ బ్రేకు, అంటే ఇంజను బలాన్ని ఇరుసుకు చేర్చే కడ్డీని పట్టి ఆపే బ్రేకు. ట్రాన్స్‌ఫర్ కేసు వెనక వైపు షాఫ్ట్ మీద ఒక డ్రమ్మో డిస్కో కూర్చుంటుంది. విల్లీస్ జీపుల్లో ఉన్నది ఇదే, 2016 దాకా తయారైన పాత ల్యాండ్ రోవర్ డిఫెండర్‌లోనూ ఇదే. దీని బలం పళ్ల లెక్కలో ఉంది. ఇరుసులోని క్రౌన్ పినియన్ పళ్ల నిష్పత్తి 4.88 అయితే, అంటే షాఫ్ట్ 4.88 సార్లు తిరిగితే చక్రం ఒకసారి తిరిగితే, చక్రాల దగ్గర కావలసిన 130కి బదులు షాఫ్ట్ దగ్గర 27 చాలు. చిన్న బ్రేకే పెద్ద పని చేస్తుంది. పైగా ఫోర్ వీల్ కలిపి ఉంచితే ముందు చక్రాలు కూడా పట్టులోకి వస్తాయి. వికారాబాద్ వైపు ఎర్రమట్టి దిగుడులో ముక్కు కిందికి పెట్టి ఆపినప్పుడు బరువంతా ముందుకు పోతుంది. వెనక చక్రాలు బిగుసుకుని ఉన్నా తేలికై జారతాయి. అలాంటి చోట ఇది ఆదుకుంటుంది. డ్రమ్ము గానీ డిస్కు గానీ కూర్చోబెట్టడానికి ఫ్లాంజి (బోల్టులు బిగించే గుండ్రటి పళ్లెం) లేతు మీద తిప్పించాలంటే బాలానగర్ లేతు షాపులకు వెళ్లండి, షాఫ్ట్ వెంట తీసుకెళ్లండి.

దీనికి ఒక ప్రాణాంతకమైన లోపం ఉంది. వెనక చక్రం ఒకటి జాకీతో లేపారనుకోండి. షాఫ్ట్ బిగుసుకునే ఉంటుంది, కానీ డిఫరెన్షియల్ (ఇరుసు మధ్యలో ఉండి రెండు చక్రాలను వేరువేరు వేగాల్లో తిరగనిచ్చే పళ్ల పెట్టె) గాలిలో ఉన్న చక్రాన్ని ఒకవైపుకు, నేల మీది చక్రాన్ని రెండోవైపుకు తిరగనిస్తుంది. బండి జాకీ మీద నుంచి దొర్లిపోతుంది. చక్రం మార్చేముందు నేల మీద ఉన్న చక్రాలకు రెండువైపులా చెక్క దిమ్మలు పెట్టకుండా జాకీ ముట్టుకోకండి. బండి కదులుతుండగా ఈ బ్రేకు లాగడం కూడా కూడదు, దెబ్బ నేరుగా పళ్ల మీద పడుతుంది.

ఇప్పుడు నన్ను ఏళ్లుగా విసిగిస్తున్న సంగతి. డ్రమ్ము హ్యాండ్‌బ్రేకు పట్టడం లేదని రాసినవారిలో చాలామందికి కొత్త సెట్టు అవసరమే లేదు. వాళ్లు లివరు కింద ఉన్న నట్టు బిగించి బిగించి తీగను చంపేశారు. షూలు అరిగి డ్రమ్ముకు దూరమైతే ఆ దూరాన్ని చక్రం దగ్గర ఉన్న అడ్జస్టరుతో పూడ్చాలి. తీగతో పూడిస్తే షూలు తమ ఆధారం మీద నుంచి లేచి ఉండిపోతాయి. అప్పుడు తానే సర్దుకునే అడ్జస్టరు పని చేయదు, కాలిబ్రేకు పెడల్ లోతుకు పోతుంది, లివరు సగం ప్రయాణం వృథా అవుతుంది, డ్రమ్ము రాసుకుని వేడెక్కుతుంది. నెలలోపు మళ్లీ వదులు. మళ్లీ నట్టు. ఒక జీపుకు ఇలా మూడు తీగలు మార్చారు, షూలను ఒక్కసారీ ముట్టుకోలేదు. ఆటోనగర్‌లో ఇచ్చి వచ్చేటప్పుడు "హ్యాండ్‌బ్రేకు బిగించండి" అనకండి, "ముందు తీగ వదులు చేసి, షూలు సర్ది, ఆ తరవాత తీగ పట్టించండి" అనండి. తీగ పూర్తిగా వదిలేయండి. చక్రం లేపి, షూ డ్రమ్మును తాకి రాసుకునేదాకా అడ్జస్టరు తిప్పండి. చక్రం స్వేచ్ఛగా తిరిగేంతవరకు వెనక్కి తిప్పండి. రెండోవైపూ అలాగే. చివర తీగలోని వదులు మాత్రమే తీయండి. లివరు ఎన్ని క్లిక్కులకు పట్టాలో బండి మాన్యువల్‌లో ఉంటుంది, అదే ప్రమాణం.

తీగ తొడుగులోకి నీళ్లు పోతే లోపల తుప్పు పట్టి బిగుసుకుంటుంది. వాగు దాటి వచ్చిన రాత్రి హ్యాండ్‌బ్రేకు లాగి ఉంచకండి, షూలు డ్రమ్ముకు అతుక్కుపోతాయి. సమతలం మీద గేరులో పెట్టి దిమ్మలు వేయండి.

అభ్యాసం. ఎవరూ రాని వాలు, ఒక మిత్రుడు, నాలుగు దిమ్మలు కావాలి. బండిలో పూర్తి సామాను వేసి పది కిలోమీటర్లు బ్రేకు వాడుతూ నడపండి, డిస్కులు వేడెక్కాలి. ఫోనులోని లెవెల్ యాప్‌తో 11 డిగ్రీల చోటు చూసి, కిందివైపు చక్రాలకు జానెడు దూరంలో దిమ్మలు ఉంచి, గేరు న్యూట్రల్లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు లాగి దిగండి. కిందివైపు ఎవరూ నిలబడకూడదు. టైరు మీద, నేల మీద సున్నంతో ఒకే గీత గీయండి. పది నిమిషాలకు, అరగంటకు, గంటకు గీత ఎంత తప్పిందో కొలవండి. తరవాత బండి తిప్పి, మళ్లీ వేడెక్కించి, ముక్కు కిందికి పెట్టి అదంతా మళ్లీ చేయండి. రెండు దిశల్లోనూ గంట తరవాత గీత కదలకపోతేనే ఎనిమిదో పాఠం తెరవండి. కదిలితే ఏ చక్రం తిరిగింది, ఏది తిరగకుండా జారింది అన్నది విడివిడిగా రాసి పంపండి. తిరిగితే బ్రేకు లోపం, జారితే టైరు పట్టు లోపం. రెండింటి చికిత్సా వేరు.