క్యాజువాలిటీలో రాత్రి ఎవరుంటారో ముందే చూసుకోండి

గుండెలో పట్టేసినట్టుందని నాన్న అర్ధరాత్రి లేచి కూర్చుంటే డాక్టరు డిగ్రీలు చూసే తీరిక ఎవరికుంటుంది? మాకూ లేకపోయింది. విజయనగరంలో ఇంటికి దగ్గరని ఒక ప్రైవేటు ఆసుపత్రికి పరుగెత్తాం. బయట బోర్డు నిండా పెద్ద డాక్టర్ల పేర్లు, లోపల క్యాజువాలిటీలో, అంటే అత్యవసర కేసులు చూసే చోట, నిద్ర కళ్లతో ఒక కుర్రాడు. ఈసీజీ తీశాడు, దాన్ని సెల్‌లో ఫొటో తీసి ఎవరికో పంపాడు, జవాబు వచ్చేదాకా మమ్మల్ని బెంచీ మీద కూర్చోబెట్టాడు. నలభై నిమిషాలయ్యాక "వైజాగ్ తీసుకెళ్లిపోండి" అన్నారు. ఆ కుర్రాడు అసలు ఎంబీబీఎస్సే కాదని తర్వాత తెలిసింది. నాన్న బాగానే ఉన్నారు లెండి.

కాబట్టి రాత్రి డ్యూటీలో ఎవరుంటారో, ఏం చదివారో కనుక్కోవడం ఖాళీగా ఉన్న ఆదివారం చేసుకోవాల్సిన పని. మనిషి ఇబ్బంది పడుతుంటే వెబ్‌సైట్లు తెరవకండి, 108కి ఫోన్ చేయండి.

ముందు డిగ్రీల సంగతి. ఎమర్జెన్సీ మెడిసిన్‌ను, అంటే అత్యవసర వైద్యాన్ని, మన దేశంలో విడి స్పెషాలిటీగా గుర్తించింది 2009లో, అంటే ఈ స్పెషలిస్టుల్లో ఎక్కువమంది కుర్ర డాక్టర్లే, వయసు చూసి తీసిపారేయొద్దు. చూడాల్సింది ఎండీ ఎమర్జెన్సీ మెడిసిన్ గానీ, డీఎన్‌బీ (నేషనల్ బోర్డు ఇచ్చే పీజీ) ఎమర్జెన్సీ మెడిసిన్ గానీ. కొన్నిచోట్ల ఎంఈఎం (మాస్టర్స్ ఇన్ ఎమర్జెన్సీ మెడిసిన్) అని ఉంటుంది. కార్పొరేట్ ఆసుపత్రుల్లో పనిచేస్తూ చేసే కోర్సు అది, చేయి తిరిగినవాళ్లు అందులోనూ ఉన్నారు, కాకపోతే ఎండీతో సమానంగా ఇక్కడ గుర్తింపు ఉన్న పీజీ కాదు. ఎంఈఎం చేసి బోర్డు మీద ఎండీ అని రాయించుకుంటే మాత్రం నాకు అనుమానమే.

మరి ఉత్త ఎంబీబీఎస్ అయితే భయపడాలా? అక్కర్లేదు. మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో చాలాచోట్ల రాత్రి డ్యూటీలో ఉండేది వాళ్లే. పాము కాట్లు, పురుగుమందు తాగిన కేసులు, హైవే యాక్సిడెంట్లు ఏళ్ల తరబడి చూసిన ఎంబీబీఎస్ చేతిలో మా వాళ్లను పెట్టడానికి నాకేం టెన్షన్ లేదు. ఎవరో తెలియకపోవడమే ఇబ్బంది.

తెలుసుకోవడానికి మెడికల్ కౌన్సిల్ ఆ డాక్టరుకిచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు పట్టుకోండి. డాక్టర్లు మందుల చీటీ మీద, క్లినిక్‌లో కనిపించేలా ఆ నంబరు వేయాలని 2002 నుంచీ నిబంధన ఉంది. అది దొరికాక నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్లో ఇండియన్ మెడికల్ రిజిస్టర్ (దేశంలోని డాక్టర్ల జాబితా) తెరిచి, రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ ఎంచుకుని నంబరు కొట్టండి. పేరుతో వెతక్కండి. అరసవల్లి స్వామి పుణ్యమా అని మన వైపు సూర్యనారాయణలకు కొదవ లేదు, పైగా ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరాల్లో ఉంటుంది, నాకు ఒక పేరుతోనే గంట పట్టింది. నంబరుతో వచ్చిన వివరాల్లో తండ్రి పేరు, చదివిన యూనివర్సిటీ, ఏ ఏడాది పాసయ్యారో సరిచూసుకోండి. ఇచ్ఛాపురం వైపు వాళ్లు బరంపురం వెళ్తుంటారు కదా, అక్కడి డాక్టరైతే ఒడిశా కౌన్సిల్‌లో చూడాలి.

ఒకవేళ పేరు రాలేదనుకోండి, వెంటనే దొంగ డాక్టరని ఊరంతా చెప్పేయకండి. ఆ జాబితాలో కొత్త వివరాలు ఎక్కడానికి ఆలస్యమవుతుంటుంది, ముఖ్యంగా పీజీ డిగ్రీలు. ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్‌లో కూడా చూడండి. అక్కడ రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. ఆయుర్వేదం, హోమియో డాక్టర్ల రిజిస్టర్లు వేరు, ఇందులో కనబడరు.

ఇక ఆసుపత్రికి ఒకసారి వెళ్లి రండి. పగలు కాదు, రాత్రి తొమ్మిది దాటాక. నేను వెళ్లి "రాత్రి డ్యూటీలో ఎవరుంటారండి, ఏం చదివారు?" అంటే కౌంటర్లో అమ్మాయి "ఏటండి, పేషెంటు ఎక్కడ?" అని నా వెనక్కి చూసింది. పేషెంటు లేడు, ముందే తెలుసుకుందామని వచ్చానన్నాను. నవ్వింది గానీ చెప్పింది. స్పెషలిస్టు ఆసుపత్రిలోనే ఉంటారా, ఫోన్ చేస్తే వస్తారా, సీటీ స్కాన్ రాత్రంతా నడుస్తుందా, గుండెపోటుకు రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్ అక్కడే ఇస్తారా, పాము విషానికి మందు స్టాకు ఉందా, ఇవన్నీ అడగండి. పక్షవాతం వస్తే గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటలే గడువు, అది కూడా సీటీ తీశాకే, కాబట్టి స్కాన్ లేని చోటికి వెళ్తే ఆ టైమంతా దారిలోనే పోతుంది. శ్రీకాకుళం నుంచి వైజాగ్ వంద కిలోమీటర్ల పైమాటే. మీ ఊరి పీహెచ్‌సీలో పాము మందు ఉందో లేదో కూడా ఆశా కార్యకర్తను అడిగి ఉంచుకోండి, వరి కోతలప్పుడు పనికొస్తుంది. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డుంటే ఆసుపత్రిలో ఆ పథకం సంగతి చూసే ఆరోగ్యమిత్రను కలిసి ఏ కేసులకు వర్తిస్తుందో కనుక్కోండి.

ఇదంతా ఒక కాగితం మీద రాయండి. గుండెకైతే ఎక్కడికి, తల దెబ్బకైతే ఎక్కడికి, క్యాజువాలిటీ నంబరు, రాత్రి తెరిచి ఉండే గేటు ఏ వైపు. మేం బీరువా తలుపుకి అంటించాం, అమ్మకి కళ్లద్దాలు లేకపోయినా కనబడేంత పెద్ద అక్షరాలతో. డ్యూటీ డాక్టర్లు మారుతుంటారు కాబట్టి వాళ్ల పేర్ల గడి ఒక్కటీ పెన్సిల్‌తో రాశాను.