ఇంట్లో రీఫ్ ట్యాంక్, 3వ పాఠం: గాజు కంటే ముందు గది

పోయిన పాఠంలో మన రీఫ్ ట్యాంకు, అంటే పగడాలు, చేపలు పెంచే ఉప్పునీళ్ళ అక్వేరియం కొలతలు ఖాయం చేసుకున్నాం: పొడవు 180, వెడల్పు 75, ఎత్తు 60 సెంటీమీటర్లు, అంటే 810 లీటర్లు. ఈ వారం మాత్రం గాజు షాపుకి ఫోన్ చేయకండి. ముందు పంపులు, సంప్ (ట్యాంకు నీళ్ళు దిగి శుభ్రమై మళ్ళీ పైకెళ్ళే కింది తొట్టి), చిల్లర్ (నీళ్ళు చల్లబరిచే యంత్రం) పెట్టే గది సంగతి, నెలనెలా కరెంటు సంగతి తేల్చుకుందాం. నేను చూసినంతలో ట్యాంకులు మూతపడేది కొనే డబ్బు లేక కాదు, నడిపే ఖర్చు ముందే లెక్కేసుకోక.

మొదట బరువు. ఉప్పునీళ్ళే 830 కిలోలు, గాజు, స్టాండు, రాళ్ళు కలిస్తే 1100 దాటుతుంది. ట్యాంకు అడుగు 1.35 చదరపు మీటర్లే కాబట్టి చదరపు మీటరుకి 800 కిలోల పైమాట, మామూలుగా ఇళ్ళ స్లాబులు డిజైన్ చేసేది 200 కిలోలకి. గ్రౌండ్ ఫ్లోర్ అయితే సరే, అపార్ట్‌మెంట్ పై అంతస్తయితే స్ట్రక్చరల్ ఇంజనీర్‌కి ప్లాన్ చూపించి, బీమ్ ఎక్కడుందో తెలుసుకున్నాకే చోటు ఎంచుకోండి. ఆ ఫీజు కూడా బడ్జెట్లో రాయండి.

గదికి మన ఇళ్ళలో వంటింటి పక్క యుటిలిటీ చాలా బాగుంటుంది, ఎందుకంటే కుళాయి, నీళ్ళు పోయే జాలీ రెండూ అక్కడే ఉంటాయి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ తప్పనిసరి. ప్లగ్గులు నేలకి ఎత్తుగా ఉండాలి, ఆ లైనుకి విడిగా 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్) పెట్టించండి, ఉప్పునీళ్ళతో చెలగాటం వద్దు. చిల్లర్ వదిలే వేడి గాలి మాత్రం గదిలోనే తిరగకూడదు, బాల్కనీలోకి పోవాలి.

సంప్ సైజు దగ్గర నేనొకసారి దెబ్బతిన్నాను. కరెంటు పోగానే పంపు ఆగి, పైన ట్యాంకులోంచి కొంత నీరు కిందికి దిగుతుంది. 5 సెంటీమీటర్లు దిగినా 67 లీటర్లు! నా పాత సంప్‌లో అంత ఖాళీ లేదు, రాత్రి కరెంటు పోయింది, తెల్లారి లేచేసరికి హాలంతా ఉప్పునీళ్ళు. అందుకే సంప్‌లో ఎప్పుడూ కనీసం 100 లీటర్ల ఖాళీ ఉండాలి.

ఇక కరెంటు. ఒక సూత్రం గుర్తుపెట్టుకుంటే చాలు: 100 వాట్ల వస్తువు రోజంతా నడిస్తే నెలకి 72 యూనిట్లు. పంపులు, స్కిమ్మర్ (నీళ్ళలోని మురికిని నురగతో బయటికి తీసేది) కలిపి 180 వాట్లనుకుంటే 130 యూనిట్లు. 400 వాట్ల ఎల్ఈడీ లైట్లు రోజుకి 9 గంటలు వెలిగితే 108. పగడాలకి 25, 26 డిగ్రీలు కావాలి, హైదరాబాద్ మే నెలలో 700 వాట్ల చిల్లర్ 10 గంటలు నడిచినా ఇంకో 210. మొత్తం 448 యూనిట్లు మీ మామూలు వాడకం మీద అదనం, పైగా కరెంటు బిల్లు స్లాబు మారుతుంది కాబట్టి రేటూ పెరుగుతుంది. దీన్ని పాత బిల్లుకి కలిపి, కొత్త స్లాబు రేటుతోనే లెక్కేయండి. అలలు పుట్టించే ఒక్క పంపునైనా ఇన్వర్టర్ మీద పెట్టాలి, నీళ్ళు కదలకపోతే ఆక్సిజన్ తగ్గి ముందు చేపలే పోతాయి.

ఉప్పు లీటరుకి సుమారు 35 గ్రాములు, సంప్‌తో కలిపి 1000 లీటర్లకి 35 కిలోలు. రెండు వారాలకోసారి పదో వంతు నీళ్ళు మారిస్తే ఏడాదికి ఇంకో 91 కిలోలు. బోరు నీళ్ళు పనికిరావు, ఆర్వో (పొర గుండా వడకట్టే ఫిల్టర్), డీఐ (మిగిలిన లవణాలు తీసే ఫిల్టర్) రెండూ కావాలి.

జీవాల ఖర్చు 6వ పాఠంలో చూద్దాం, కానీ ఒక మాట ఇప్పుడే చెప్పాలి. మన సముద్రాల్లోని గట్టి పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి. మన తీరం నుంచి తెచ్చిన పగడమనో, పగడపు రాయనో ఎవరైనా చవగ్గా ఇస్తామంటే అస్సలు తీసుకోకండి. కృత్రిమంగా తయారుచేసిన ఎండు రాయితోనే మొదలుపెడదాం.

వచ్చే పాఠంలోపు చేయాల్సిన పని: ఒక కాగితం మీద కరెంటు, ఉప్పు, ఫిల్టర్లు, మేత నెల ఖర్చు రాసి 12తో హెచ్చించండి, దానికి ఒక స్పేర్ పంపు ధర కలపండి. ఆ మొత్తం బరువనిపిస్తే 120 × 60 × 50 కొలతకి దిగండి, 360 లీటర్లవుతుంది. ఏ కొలత ఖాయం చేసుకున్నా 4వ పాఠంలో దానికే పైపులు గీద్దాం.