పాత ఇళ్లు ఖాళీ చేసే పనివాళ్లకు ఈ-శ్రమ్ కార్డు: బెంగళూరులో దరఖాస్తు ఎలా, ఎక్కడ ఆగిపోతోంది

బెంగళూరులో పాత ఇళ్లు ఖాళీ చేసి, చెత్తా తుక్కూ టెంపోకెక్కించే పనిలో మన అనంతపురం, హిందూపురం, కదిరి వైపు వాళ్లు చాలామందే ఉన్నారు. మేస్త్రీ ఫోన్ చేస్తే పోవాలి, సాయంత్రం కూలి తీసుకోవాలి. పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు. ఈ పని చేస్తున్నామని చూపించడానికి పేరున్న కాగితం ఒక్కటీ ఉండదు. ఇలాంటి అసంఘటిత కార్మికుల కోసం కేంద్ర ప్రభుత్వం 2021 ఆగస్టు 26న ఈ-శ్రమ్ పోర్టల్ తెరిచింది. అందులో పేరు రిజిస్టర్ చేసుకుంటే వచ్చేదే ఈ-శ్రమ్ కార్డు. రిజిస్ట్రేషన్‌కు పైసా ఫీజు లేదు. ఈ మాట ముందే చెప్పడానికి కారణం ఉంది. సైబర్ సెంటర్లో మూడొందలు, ఐదొందలు కట్టి, తప్పులతడక కార్డు పట్టుకొచ్చినవాళ్లు మన చుట్టూ తక్కువేం లేరు.

వయసు 16 నుంచి 59 లోపు ఉండాలి. పీఎఫ్‌లోగానీ ఈఎస్ఐలోగానీ సభ్యులై ఉండకూడదు. ఆధార్, దానికి లింకైన మొబైల్ నంబరు, బ్యాంకు ఖాతా వివరాలు చేతిలో ఉంచుకోండి. ఈ-శ్రమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో మీరే నింపుకోవచ్చు. 2025 జనవరి నుంచి పోర్టల్ 22 భాషల్లో ఉంది, తెలుగు కూడా ఉంది. కన్నడం రాదని ఎవరి చేతిలోనో ఫోన్ పెట్టాల్సిన పని లేదు. ఆధార్‌లో ఆంధ్రా అడ్రసు ఉన్నా ఇబ్బంది లేదు. సొంతూరి అడ్రసు వేరే, ఇప్పుడుంటున్న అడ్రసు వేరే అడుగుతారు. రెండోదాంట్లో బెంగళూరు రూము అడ్రసు రాయండి. పేరు, చదువు, ఆదాయం లాంటివి చూస్తే మీకే తెలుస్తాయి.

చాలామంది ఆగేది ఓటీపీ దగ్గర. ఆధార్ తీసినప్పటి సిమ్ ఎప్పుడో పోయి ఉంటుంది. లేదంటే ఊళ్లో అన్న నంబరో, బావ నంబరో ఇచ్చి ఉంటారు. అప్పుడు మధ్యవర్తి ఏమంటాడంటే, "నా నంబరు వేసేస్తాలే, పనైపోతుంది." ఒప్పుకోవద్దు. రేపు కార్డులో ఏది మార్చాలన్నా ఓటీపీ ఆ నంబరుకే పోతుంది, వాడు మళ్లీ డబ్బులడుగుతాడు. మీ బ్యాంకు వివరాలు కూడా అందులోనే ఉంటాయన్నది మరవద్దు. మేస్త్రీ ఎంత మంచివాడైనా సరే, పదిమంది కూలీలకూ ఆయన నంబరే ఇవ్వడం పద్ధతి కాదు.

దీనికి దారి ఉంది. దగ్గర్లోని ఆధార్ కేంద్రానికో, ఆధార్ సేవలున్న బెంగళూరు వన్ అనే ప్రభుత్వ సేవా కేంద్రానికో మీరే స్వయంగా వెళ్లి నంబరు మార్పించుకోండి. ఫీజు 75 రూపాయలు, రసీదు ఇస్తారు. నంబరు మార్పుకి ఇంకే పత్రమూ అడగరు, అడిగితే అనుమానించండి. ఊరికి పోయి రావాల్సిన అవసరమూ లేదు.

నంబరు మార్చుకునే వీలు లేకపోతే కామన్ సర్వీస్ సెంటర్‌లో వేలిముద్రతో రిజిస్టర్ చేస్తారు. మనవాళ్లకు ఇక్కడ ఇంకో చిక్కు ఎదురవుతుంది. ఏళ్ల తరబడి ఇటుకలూ సిమెంటు ముక్కలూ ఎత్తిన చేతులకు గీతలు అరిగిపోతాయి. మిషను మీద వేలు ఎన్నిసార్లు ఆనించినా ఎర్ర లైటే. "మీ వేలు పడదు, పోండి" అని పంపేస్తారు. కంటిపాపతో చేసే వీలు కూడా ఉంది. ఆ పరికరం ఉన్న సెంటర్ ఏదో అడిగి అక్కడికి వెళ్లండి. వెళ్లేముందు చేతులు సబ్బుతో కడుక్కుని, కాస్త నూనె రాసి తుడుచుకుంటే కొందరికి వేలిముద్రే పడిపోతుంది.

ఇక అసలు గడి, వృత్తి. కౌంటర్లో కుర్రాడికి తొందర. మిమ్మల్ని అడగకుండానే "వ్యవసాయ కూలీ" అని కొట్టేస్తాడు. కార్డు వస్తుంది, అందరూ సంతోషం. కానీ మీరు చేసే పనికీ కార్డుకీ సంబంధం ఉండదు. జాతీయ వృత్తుల జాబితాలో 9611తో మొదలయ్యే కోడ్లు చెత్త, పనికిరాని సామాను సేకరించేవాళ్లవి. 9612 చెత్త వేరుచేసేవాళ్లది. సరుకు ఎక్కించి దించేవాళ్లది 9333. ఈ అంకెలు చీటీ మీద రాసుకుపోండి. ముఖ్య వృత్తి, రెండో వృత్తి అని రెండు అడుగుతారు కాబట్టి చెత్త పని ఒకదాంట్లో, లోడింగ్ ఇంకోదాంట్లో పెట్టించుకోండి. సబ్మిట్ నొక్కేముందు స్క్రీన్ మీ వైపు తిప్పమనండి. ఇప్పటికే తప్పు పడి ఉంటే కొత్త కార్డు కోసం తిరగొద్దు. ఒక ఆధార్‌కు యూఏఎన్ (కార్డు మీదుండే 12 అంకెల నంబరు) ఒక్కటే, అందులోనే అప్‌డేట్ చేసుకోవచ్చు. సందేహముంటే 14434కు ఫోన్ చేయండి, డబ్బులు పడవు.

వృత్తి మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం కర్ణాటక పథకాలు. రాష్ట్ర అసంఘటిత కార్మికుల బోర్డు వారి అంబేడ్కర్ కార్మిక సహాయ హస్త పథకంలో హమాలీలూ చెత్త ఏరేవాళ్లూ ఉన్నారు. ఒకచోట హమాలీ, ఇంకోచోట రైతు కూలీ అని ఉంటే అధికారి ప్రశ్నించడంలో తప్పేం లేదు. "లేబర్ కార్డు ఇప్పిస్తా" అనేవాడితో మరీ జాగ్రత్త. అది భవన నిర్మాణ కార్మికుల బోర్డుది. చట్టం ప్రకారం కూల్చివేత కూడా నిర్మాణ పని కిందికే వస్తుంది కాబట్టి, గడిచిన 12 నెలల్లో 90 రోజులు గోడలు పగలగొట్టే పని చేసినవాళ్లు నిజంగానే అర్హులు. ఇంట్లో సామాను ఖాళీ చేసి ఎత్తిపోసేవాళ్లను "గారపనివాడు" అని రాయించి ఇప్పించే కార్డు మాత్రం బోగస్ కిందే లెక్క. ఇలాంటివి ప్రభుత్వం ఏరి రద్దు చేస్తోంది.

"ఈ-శ్రమ్ తీసుకుంటే నెలకు 3,000 పడతాయట" అనే మాటా వినిపిస్తుంది. పడవు. అది శ్రమయోగి మాన్‌ధన్ అనే వేరే పింఛను పథకం. 18 నుంచి 40 ఏళ్ల లోపు చేరి, నెలనెలా మన వాటా కడితే 60 దాటాక వచ్చేది.

ఈ కార్డు గ్లౌజులివ్వదు, బూట్లివ్వదు. అవి మేస్త్రీని అడగాల్సినవి, అడగండి. పాత మందుల డబ్బాలో సూదులుంటాయి, అటక మీద పగిలిన ట్యూబులైట్లుంటాయి. గోనెసంచిలోకి ఉత్త చెయ్యి పెట్టొద్దు. మూతపెట్టి ఉన్న సంపులోకి ఎవరు చెప్పినా దిగొద్దు. మేకు దిగితే అదే రోజు టీటీ సూది వేయించుకోండి. ఆ ఖర్చు ఏ కార్డూ తిరిగివ్వదు.

పెద్ద దెబ్బకు మాత్రం ఒక చిన్న ఏర్పాటు ఉంది. మీ ఖాతా ఉన్న బ్యాంకులోనే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన (ప్రమాద బీమా) ఫారం నింపండి. వయసు 18 నుంచి 70, ఏడాదికి 20 రూపాయలు. ప్రమాదంలో ప్రాణం పోయినా, రెండు కళ్లో రెండు చేతులో పోయినా 2 లక్షలు. ఒక కన్నో, ఒక చెయ్యో, ఒక కాలో పోతే లక్ష. ఆసుపత్రి బిల్లు ఇందులో రాదు. బీమా జూన్ 1 నుంచి మే 31 వరకే. మే నెలాఖరులో ఖాతాలో ఆ 20 లేకపోతే బీమా ఆగిపోతుంది, కూలి పడగానే మొత్తం తీసేసేవాళ్లకు జరిగేది ఇదే. నామినీ గడిలో భార్య పేరు ఆమె ఆధార్‌లో ఉన్నట్టే రాయండి. ప్రమాదం జరిగితే ఎక్కడ, ఏ పని చేస్తుండగా జరిగిందో క్యాజువాలిటీలో రాయించండి. "ఇంట్లో జారిపడ్డాడని చెప్పు" అని మేస్త్రీ బతిమాలినా వినొద్దు. క్లెయిము ఫారం 30 రోజుల్లోపు బ్యాంకులో ఇచ్చి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకోండి.